‘ఎక్కడ ఆపేశావు?’ అని అడిగే మా లైబ్రరీ టీచర్

పోయిన గురువారం పొద్దున పది దాటాక మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు వచ్చింది. పైన నీళ్ల ట్యాంకరు ఆలస్యమవుతుందన్న మెసేజ్. కింద ఎవరిదో పార్సిల్ పొరపాటున సి బ్లాకుకి వచ్చిందన్న మెసేజ్. మధ్యలో ఒకటే వాక్యం: లైబ్రరీ టీచర్ గారు ఇవాళ ఉదయం కాఫీ తాగుతూ కుర్చీలోనే పోయారు. నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో మా ఆఫీసు తొమ్మిదో అంతస్తులో మీటింగులో ఉన్నాను. ఎవరో నన్ను ఏదో అడుగుతున్నారు. ఒక్క నిమిషమని చెప్పి బయటికి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఆ వాక్యం మళ్లీ చదివాను. దాని కింద అప్పుడే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేను ఏ బొమ్మా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పాలంటే ఆవిడ గురించి చెప్పాలి, నా గురించి కూడా చెప్పాలి. ఆ రెండోది చెప్పడం నాకు అసహ్యంగా ఉంది. అయినా చెబుతాను.

ఆవిడ గుంటూరు వైపు ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చెల్లెలితో కలిసి గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంటుకి వచ్చారు. జనరేటర్ పక్కన వినాయకచవితి సామాను పడేసే గది ఒకటుండేది. కమిటీ వాళ్ల వెంటపడి వెంటపడి అందులో సగం తీసుకుని లైబ్రరీ పెట్టారు. మిగతా సగంలో వెదురుబొంగులు, రంగు పోయిన థర్మాకోల్ కిరీటాలు అలాగే ఉండేవి. జనరేటర్ మొదలైతే గది మొత్తం వణికేది. ఆవిడ మాట్లాడడం ఆపి, అది ఆగేదాకా చేతిలో పుస్తకం పేజీలు సరిచేసుకుంటూ కూర్చునేవారు.

పెన్సిలు జుట్టు ముడిలో గుచ్చుకుని, దానికోసం బల్లంతా వెతికేవారు. ఇంటింటి పాత పెళ్లి శుభలేఖలు అడిగి తెచ్చి, సన్నగా కత్తిరించి పుస్తకాల్లో గుర్తుకి పెట్టేవారు. పుస్తకం తిరిగి ఇచ్చిన వాళ్లని బాగుందా అని ఎప్పుడూ అడగలేదు. "ఎక్కడ ఆపేశావు?" అనేవారు. పూర్తిగా చదివానని చెప్పినా ఊరుకునేవారు కాదు. "మధ్యలో ఎక్కడో ఒకచోట పుస్తకం కింద పెట్టి ఫ్యాను వంక చూసి ఉంటావు. అక్కడ నీకేదో తగిలింది. అదేమిటో చెప్పు" అనేవారు. నేను బోరబండలో ఒక గది కిరాయి ఇంట్లో పెరిగాను. పరీక్షల పుస్తకాలు తప్ప వేరేవి మా ఇంట్లో ఉండేవి కావు. ముప్పై ఏడేళ్ల వయసులో నాకు కథలు చదవడం అలవాటు చేసింది ఆవిడే.

నెలకో పుస్తకం అందరం చదివి, రెండో ఆదివారం ఆ గదిలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. అంతకుముందే ఎవరి అభిప్రాయం వాళ్లు లైబ్రరీ గ్రూపులో రాయాలి. పోయిన ఏడాది వానాకాలంలో ఆవిడ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక పాత ఇంగ్లీషు నవల తెచ్చారు. భయపెట్టే కథ, చాలా పేరున్నది. స్కూల్లో అందరూ ఏడిపించే ఒక అమ్మాయి, దేవుడి పిచ్చిలో కూతుర్ని నలిపేసే తల్లి, నలుగురిలో ఆ అమ్మాయికి జరిగిన ఘోరమైన అవమానం, ఆ తర్వాత ఆ పిల్ల తీర్చుకున్న పగ. ఇంగ్లీషు రాని వాళ్లకి ఆవిడే మూడు సాయంత్రాలు తెలుగులో చెప్పారు.

గ్రూపులో అభిప్రాయాలు వచ్చాయి. ఏ బ్లాకులో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ గారు, "నలభై పేజీల దగ్గర మూసేశాను. అన్నం సయించలేదు. సంసారుల ఇళ్లలో ఉండాల్సిన పుస్తకం కాదు" అని రాశారు. ఒక కుర్రాడు రక్తం ఉన్న సీన్లు అదిరిపోయాయని, స్కూలు సీన్లు సాగదీశారని రాశాడు. ఇంకొకావిడ, ఇలాంటివి అమెరికాలో జరుగుతాయి గానీ మన పిల్లలు అలాంటివాళ్లు కారని రాసింది. చాలామంది రాసింది ఒకటే మాట, ఛీ అని.

నేను మాట కూడా రాయలేదు. ఒక స్టిక్కర్ పెట్టాను.

ఆ స్టిక్కర్ గురించి చెప్పాలి. అప్పటికి నెల రోజులుగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులన్నింటిలో అది తిరుగుతోంది. ఒక ఆడపిల్ల ముఖం. కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని, గడ్డం మీద నుంచి పచ్చగా వాంతి కారుతూ. పైన ఎర్ర అక్షరాల్లో ‘ఛీ’. ట్యాంకరులో మట్టి నీళ్లు వస్తే అది. లిఫ్టులో ఎవరో ఉమ్మితే అది. మా మేనేజరు శనివారం పనికి రమ్మంటే నేను నా స్నేహితురాళ్లకి పంపింది కూడా అదే. ఇంటర్నెట్‌లో ఎక్కడిదో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అనుకోలేదు కూడా. ఆ ముఖం ఎవరిదన్న ఆలోచనే రాలేదు.

వచ్చింది ఒక్క టీచర్ గారికే. మర్నాడు నేను లైబ్రరీకి వెళితే ఫోను నా ముందు పెట్టారు.

"ఈ పిల్ల ఎవరమ్మా?"

"తెల్వదు టీచర్. ఎవరో ఉంటది, నెట్‌లదే కావచ్చు."

ఆవిడ రెండు వేళ్లతో బొమ్మని పెద్దది చేసే ప్రయత్నం చేశారు. స్టిక్కర్ పెద్దది కాలేదు. కళ్లజోడు తీసి ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నారు. "మెడలో టై చూడు" అన్నారు. నీలం మీద తెల్ల చారలు. మా అమ్మాయి స్కూలు టై. నేను ఆ టైని రోజూ ఇస్త్రీ చేస్తాను.

"ఆ స్కూల్ల చానామంది పిల్లలు చదువుతరు కద టీచర్" అన్నాను. ఆవిడ ఫోను బోర్లించి పెట్టారు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం మా ఇంటికి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మంచినీళ్లు తాగి, ఆయాసం తగ్గేదాకా ఆగి చెప్పారు. ఆ పాప బి బ్లాకులోనే ఉంటుంది. మా అమ్మాయితో పాటు ఎనిమిదో తరగతి, ఒకే బస్సు. ఆమె పేరు ఇక్కడ రాయను. పేరుకి బదులు అందరూ ‘ఛీ’ అని పిలిచిన రోజులు ఆమెకి చాలు. కరీంనగర్ వైపు నుంచి రెండేళ్ల కిందట వచ్చిన కుటుంబం. ఒకరోజు జ్వరంతో స్కూలుకి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కక్కుకుంది. పక్క సీటులో ఉన్న మా అమ్మాయి ఫొటో తీసిందని బస్సులో పిల్లలే టీచర్ గారికి చెప్పారట. ఇంటికి వచ్చి, నేను వంటింట్లో ఉండగానే, హాల్లో సోఫాలో కూర్చుని స్టిక్కర్ చేసింది.

మా అమ్మాయిని పిలిచాను. అబద్ధం చెప్పలేదు. "అందరు నవ్విన్రు కద" అంది. తర్వాత నా వైపు చూసి, "నువ్వు కూడ వాడినవ్ కద మమ్మీ" అంది.

ఆ మాటకి నాకు రావలసిన సిగ్గు కోపంగా వచ్చింది. అదీ టీచర్ గారి మీదికి. "మా ఇంటి విషయం మేం చూసుకుంటం టీచర్. మీరు ఇంత దూరం రావాల్సింది లేకుండె" అన్నాను.

"సరేనమ్మా, చూసుకోండి" అని లేచారు. చెప్పులు వేసుకుంటూ, "ఆ పిల్ల పదిరోజులుగా పొద్దున్నే బస్సు హారను వినపడగానే కక్కుతోందట. తల్లి చెప్పింది. నీకు తెలియాలని చెబుతున్నాను, అంతే" అన్నారు.

ఆ ఆదివారం సమావేశానికి వెళ్లకూడదనుకుని కూడా వెళ్లాను. వెళ్లకపోతే ఏమనుకుంటారోనని. గది నిండింది. అందరికంటే వెనక, వెదురుబొంగుల పక్కన, నాకు కొంచెం పరిచయం ఉన్న ఆవిడ నిలబడి ఉంది. ఆ పాప తల్లి. చేతిలో లైబ్రరీ పుస్తకం. "పాప ఇగ రాదంట టీచర్. బుక్కు ఇచ్చిపోదమని వచ్చిన" అంది. టీచర్ గారు కూర్చోమంటే కూర్చుంది.

నవల మీద మాటలు మొదలయ్యాయి. బ్యాంకు మేనేజర్ గారు తన నలభై పేజీల సంగతి మళ్లీ చెప్పారు. సి బ్లాకు నుంచి వచ్చే ఒక చిన్నావిడ, ఇద్దరు పిల్లల తల్లి, "నాకైతే ఆ పిల్ల మీదే చిరాకేసిందండి. అంత మెత్తగా, అంత మురికిగా ఉంటే ఎవరైనా ఏడిపిస్తారు. కొంచెం శుభ్రంగా, నలుగురితో కలిసి ఉండచ్చు కదా" అంది. చాలా తలలు ఊగాయి. నేను వెనక్కి తిరిగి చూడలేదు. నా వీపుకి మాత్రం ఆ తల్లి కూర్చున్న చోటు తెలుస్తూనే ఉంది.

టీచర్ గారు ఒక్కొక్కరినీ మామూలుగానే అడుగుతూ వచ్చారు. ఎక్కడ ఆపేశారు, ఎందుకు ఆపేశారు. నా వంతు వచ్చింది. ఆవిడ మా పేరు చెబుతారని, అందరి ముందూ నిలబెడతారని నాకు చెమట పట్టింది. ఆవిడ అందరినీ అడిగినట్టే అడిగారు.

"నువ్వు ఎక్కడ ఆపేశావమ్మా?"

"నేను చదవలే టీచర్" అన్నాను.

"చదవకుండానే ఛీ అన్నావా?"

గొంతు పెంచలేదు. నాకు తప్ప ఇంకెవరికీ అందులో వేరే అర్థం వినపడలేదు. పక్కన ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆవిడ అప్పటికి నా వైపు చూడడం మానేసి అందరితో అన్నారు: "అసహ్యం వేసిందని అందరూ రాశారు. మంచిదే. అసహ్యం వేయడం చెడ్డదేం కాదు. ఎవరి మీద వేసిందో ఒక్కసారి చూసుకోండి. కక్కిన వాళ్ల మీదా, చూసి నవ్విన వాళ్ల మీదా?"

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తల్లి పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోతోంది. ఎలా లేచానో తెలియదు, పార్కింగు వాలు దగ్గర ఆమెని కలిశాను. చెప్పాను. ఆ స్టిక్కర్ మా అమ్మాయి చేసిందని, నేనూ పంపానని.

ఆమె కాసేపు నా ముఖం చూసింది. "మీ పాపనా? మా ఇంట్ల పుట్టినరోజుకు వచ్చి కేకు తిన్న పాపనే గద" అంది.

"తప్పయింది అక్కా. మేం ఇద్దరం వచ్చి మీ పాపతోని మాట్లాడ్తం."

"ఇప్పుడొద్దు. మీ మొఖాలు చూస్తే మల్ల కక్కుతది నా బిడ్డ" అంది. తిట్టినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. నా ముఖం ఒక మనిషికి వాంతి తెప్పిస్తుందని మొదటిసారి తెలిసింది.

తిరిగి లైబ్రరీకి వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. టీచర్ గారు కుర్చీలు మడుస్తున్నారు. జరిగింది చెబుతూ నేనూ మడిచాను. అన్నీ అయ్యాక, "క్షమాపణ సంగతి తర్వాత. అది మీ మనసు తేలికపడడానికి. ముందు ఆ బొమ్మ తీయించండి" అన్నారు.

"గ్రూపుల పెడ్త టీచర్, అందరు డిలీట్ చేయున్రి అని."

"గ్రూపులో పెడితే ఇంకో పదిమంది చూసి దాచుకుంటారు. ఇంటింటికీ వెళ్లాలి. మీ అమ్మాయి వెళ్లాలి. నువ్వు పక్కన ఉండాలి." బల్ల మీది తాళం తీసుకుని, "నేనూ వస్తాను" అన్నారు.

తొమ్మిది సాయంత్రాలు పట్టింది. ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చి, మా అమ్మాయిని తీసుకుని కిందికి దిగేసరికి ఆవిడ లిఫ్టు దగ్గర నిలబడి ఉండేవారు. ప్రతి తలుపు దగ్గరా మా అమ్మాయే బెల్లు కొట్టాలి. "ఆంటీ, ఆ వాంతి స్టిక్కర్ నేనే చేసిన. ఆ పాప మన బి బ్లాకుల ఉంటది. మీ ఫోన్ల నుంచి తీసేయండి ప్లీజ్." మొదటి రోజు సగంలోనే ఏడ్చేసింది. టీచర్ గారు ఓదార్చలేదు. ముక్కు తుడుచుకోమని చీర కొంగు ఇచ్చి, పక్క ఇంటి బెల్లు చూపించారు.

కొందరు అక్కడే తీసేశారు. కొందరు సిగ్గుపడ్డారు. "ఇంత చిన్నదానికి పిల్లని ఇట్ల తిప్పుతరా" అని నన్ను కోప్పడిన వాళ్లూ ఉన్నారు. నా ఫోను నా ఇష్టమని ఒకాయన తలుపు వేసుకున్నాడు. అయిదో సాయంత్రం బ్యాంకు మేనేజర్ గారింటికి వెళ్లాం. ఆ నవల చదివి అన్నం మానేశానన్నాయన. మా అమ్మాయి చెప్పింది విని ఫోను తీశారు. వెతికి పట్టుకున్నారు. తీసేసే ముందు దాన్ని ఇంకోసారి చూసి నవ్వారు. లోపల ఉన్న భార్యని పిలిచి, "ఇదిగో, ఆ వాంతి పిల్ల మన బి బ్లాకు పిల్లేనట" అని ఆమెకీ చూపించారు. ఇద్దరూ నవ్వాక తీసేశారు. "అయిపోయిందమ్మా, సంతోషమా?" అన్నారు. తిరిగి వస్తుంటే లిఫ్టులో మా అమ్మాయి ముఖం పాలిపోయింది. "మమ్మీ, నాకు కడుపుల తిప్పుతుంది" అంది. కింద తోట దగ్గర కుళాయి విప్పి ముఖం కడుక్కుంది.

టీచర్ గారు అక్కడి సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ రోజే చెప్పారు ఆ సంగతి.

"నేను తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. ఒక పిల్ల దగ్గర ఎప్పుడూ చేపల వాసన వచ్చేది. వాళ్ల నాన్న చేపలమ్మేవాడు. పిల్లలు ఆ పిల్ల హాజరు పిలిచినప్పుడల్లా ముక్కు మూసుకునేవాళ్లు. నేను తిట్టేదాన్ని. ఒకరోజు ఎవడో బోర్డు మీద చేప బొమ్మ వేసి కింద ఆ పిల్ల పేరు రాశాడు. బొమ్మ బాగా వేశాడు. నేనూ నవ్వాను." ఆవిడ ముడిలోని పెన్సిలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "పిల్లలు నవ్వినంతకాలం ఆ పిల్ల బడికి వచ్చింది. నేను నవ్విన మర్నాటి నుంచి రాలేదు. వాళ్లింటికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. తర్వాత వాళ్లు ఊరు మారిపోయారు."

మా అమ్మాయి అడిగింది, "ఆమె ఇప్పుడు ఏడుంది టీచర్?"

"తెలియదు. అందుకే నిన్ను తిప్పుతున్నాను. నీకైతే బి బ్లాకులోనే ఉంది."

ఆ తర్వాత నాలుగు సాయంత్రాలూ మా అమ్మాయి ఏడవలేదు. మాట కూడా మార్చింది. "ఆ పాప మన బి బ్లాకుల ఉంటది" అనే బదులు "ఆమె నా క్లాస్‌మేట్" అనడం మొదలుపెట్టింది.

కథ చక్కగా ముగిసిందని చెప్పలేను. అన్ని ఫోన్లలో నుంచి అది పోయిందని నేను నమ్మను. మా అమ్మాయి ఉత్తరం రాసి ఇచ్చింది. ఆ పాప తీసుకుంది, జవాబు ఇవ్వలేదు. వాళ్ల నాన్న కొన్నాళ్లు స్కూటరు మీద దింపాడు, తర్వాత ఇంకో బస్సుకి మార్చారు. రెండు నెలలకి ఆ పాప మళ్లీ లైబ్రరీకి రావడం మొదలుపెట్టింది, మా అమ్మాయి ఉండని వేళ చూసుకుని. టీచర్ గారు ఆ ఇద్దరినీ ఎప్పుడూ కలపాలని చూడలేదు. నేనే ఒకసారి ఆశగా అడిగితే, "నీ కూతుర్ని క్షమించడం ఆ పిల్ల చేయాల్సిన పని కాదమ్మా. ఆ పిల్లకి ఎనిమిదో తరగతి లెక్కలే బోలెడున్నాయి" అన్నారు.

ఆ నవల నేను తర్వాత చదివాను. ఆవిడ అలవాటుగానే అడిగారు. ఆ అమ్మాయి స్కూలు డాన్సుకి తనని పిలిచారని సంబరపడి కొత్త గౌను కుట్టుకునే చోట ఆపేశానని చెప్పాను. రక్తం దగ్గర కాదు, అక్కడ. ఏం జరగబోతోందో మనకి తెలుసు, ఆమెకి తెలియదు. ఆవిడ తల ఊపి పుస్తకం తీసుకున్నారు. మెచ్చుకోలేదు. ఆ రోజు నాకు ఒక పల్లీ పట్టీ ముక్క పెట్టారు, అది మామూలుగా పిల్లలకి మాత్రమే పెట్టేవారు.

ఆఫీసులో సెలవు చెప్పి గురువారం మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాను. డి బ్లాకు కింద పార్కింగులో, రెండు కార్లు తీయించి, ఆవిడని ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. చెల్లెలు గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. నా చెయ్యి పట్టుకుని చెప్పారు, అక్క గుండె బలహీనంగా ఉందని, ఎక్కువ నిలబడకూడదని దవాఖానలో పోయిన ఏడాది వేసవిలోనే అన్నారట. అంటే మాతో తొమ్మిది సాయంత్రాలు తిరిగింది అది తెలిసే. "నేను వద్దంటే వినలేదండి" అన్నారు. "ఒక ఇంటికి వెళ్లడం ఎప్పుడో మానేశాను, ఇప్పుడు నూరిళ్లు తిరిగినా తక్కువే అంది." అక్కడ దండలతో వరసలో నిలబడ్డ వాళ్లలో తలుపు వేసుకున్నాయన ఉన్నాడు. నవ్విన బ్యాంకు మేనేజర్ గారూ ఉన్నారు, కళ్లు తుడుచుకుంటూ. వాళ్లని చూసి నాకు అసహ్యం వేయబోయింది. వాళ్లు నిలబడ్డ వరసలోనే నేనూ ఉన్నాను.

నాలుగింటికి స్కూలు బస్సులు వచ్చాయి. మా అమ్మాయి బ్యాగు భుజాన ఉండగానే పరుగున వచ్చి బాక్సుకి ఈ పక్కన నిలబడింది. కాసేపటికి రెండో బస్సు నుంచి ఆ పాప వచ్చింది. మా అమ్మాయిని చూసి ఆగింది. వెనక్కి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. చుట్టూ తిరిగి బాక్సుకి అవతలి పక్కన నిలబడింది. ఇద్దరి మధ్యా గాజు, గాజు కింద టీచర్ గారు. లోపలి చల్లదనానికి అద్దం మీద చెమ్మ పట్టి ముఖం కనపడడం లేదు. ఆ పాప యూనిఫాం చేతిని అరచేతి మీదికి లాగి, ముఖం ఉన్న మేర మెల్లగా తుడిచింది. కొంచెంసేపు కనిపించి మళ్లీ మసకబారింది. ఈసారి ఇటు నుంచి మా అమ్మాయి తుడిచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆవిడని తీసుకెళ్లే అంబులెన్సు వచ్చేదాకా అలాగే, ఒకసారి ఆమె, ఒకసారి ఈమె, ఆ అద్దాన్ని తుడుస్తూ నిలబడ్డారు.